రెండోసారి వెలిగిన లైట్లు

ఫిబ్రవరి 9, ఆదివారం

లత పొద్దున్నే రేపల్లె వెళ్ళిపోయింది. వాళ్ళక్కకి మోకాళ్ళ నొప్పులట, ఒక వారం ఉండి వస్తుందట. ఆ ఏసమ్మ వదినకి మోకాళ్ళ నొప్పులు పదేళ్ళుగా ఉన్నాయి. అవి ఇవాళే ఎందుకు గుర్తొచ్చాయని నేను అడగలేదు. స్టేషను దాకా దింపుతానంటే "ఆటో పిలిచానండి" అంది. చర్చికి ఒక్కణ్ణే వెళ్ళాను.

ఈ పుస్తకం నాటకంలో ఏ లైటు ఎప్పుడు వెయ్యాలో ఆ క్యూలు రాసుకోవడానికి కొన్నది. ఇందులో సొంత గోడు రాయడం ఇదే మొదలు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఇంట్లో నేనూ, గోడ మీది బల్లీ తప్ప ఎవరూ లేరు.

నిన్న సాయంత్రం తెనాలిలో 'చందవోలు రాణి' వేశాం. వీరరాఘవయ్య మాస్టారు రాసిన పద్య నాటకం. పదహారేళ్ళుగా రాణి వేషం లతదే. లైట్లు నావి. ఈసారి కొత్తగా కొన్న మూవింగ్ హెడ్లు ఎనిమిది కట్టాను. అవి తల తిప్పుతాయి, పైకీ కిందికీ చూస్తాయి. ఒక్కోదాని ముఖం చుట్టూ చేతికి గాజు తొడిగినట్టు ఎల్ఈడీ రింగు, అందులో ఏడు రంగులూ గిర్రున పరుగెడతాయి. పెళ్ళిళ్ళకీ, వడ్లమూడిలో కాలేజీ ఫంక్షన్లకీ పనికొస్తాయని కొన్నాను. మాస్టారు చూసి "మన నాటకానికి ఈ పెళ్ళి దీపాలెందుకు రత్నం" అన్నారు. యుద్ధం సీను ఒక్కదానికే అని ఒప్పించాను.

యుద్ధానికి సౌండ్ మోడ్ పెట్టాను. అంటే చప్పుడు విని లైట్లు వాటంతటవే ఆడతాయి. ఆ వెంటనే రాణి ఏడుపు. రాజు శవం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని లత పద్యం ఎత్తుకుంటుంది. దానికి ఒకటే పసుపు లైటు, కదలకూడదు. నేను సౌండ్ మోడ్ తీయడం మర్చిపోయాను. పద్యం నాలుగు పాదాలూ బాగానే నడిచాయి. చివర రాగం తీసేసరికి ఎనిమిది తలలూ ఒక్కసారి లేచాయి. రింగులు వెలిగాయి. ఆమె రాగం ఎంత పైకి పోతే అవి అంత గింగిరాలు తిరిగాయి. ఏడుపుకీ బ్యాండు మేళానికీ తేడా మెషీనుకేం తెలుసు.

హాలంతా ఈలలు. వన్స్ మోర్, వన్స్ మోర్. వన్స్ మోర్ అన్నాక మళ్ళీ పాడకుండా ముందుకు పోయే ఆర్టిస్టు మా తెనాలిలో పుట్టలేదు. లత కళ్ళు తెరవకుండానే పద్యం మొదటి నుంచీ మళ్ళీ పాడింది. లైట్లు మళ్ళీ లేచాయి. అప్పుడు వెనక నుంచి ఎవడో "పద్యం చాల్లేమ్మా, లైట్లు వెయ్యండి ఇంకోసారి" అన్నాడు. జనం నవ్వారు. లత కళ్ళు తెరిచి తన తెల్ల చీర మీద పరుగెడుతున్న రంగుల్ని చూసుకుంది. ఆ వన్స్ మోర్ తనకి కాదని అప్పుడు తెలిసింది. నాటకం చివరిదాకా చేసింది, ఒక్క మాట తడబడలేదు. నాతో మాత్రం మాట్లాడలేదు.

తప్పు మెషీనుది. రెండోసారి సంగతి తర్వాత రాస్తాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

అన్నం మాడింది. పెరుగుతో తిన్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

ఫోను చేసింది. గ్యాసు బండ వచ్చిందా అని, పాలవాడికి అర లీటరే చెప్పానా అని. అన్నీ అయ్యాయన్నాను. నాటకం మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నానని నాకు నేనే అనుకున్నాను. తర్వాత ఆ మాట నాకే నచ్చలేదు. నేనేం దొంగతనం చేశాను, ఒక బటను మర్చిపోయాను అంతే కదా.

ఫిబ్రవరి 16, ఆదివారం

లూథరన్ చర్చిలో పుట్టి పెరిగినవాణ్ణి. ప్రతి ఆదివారం పాపపు ఒప్పుకోలు అందరితో కలిసి గట్టిగా చెప్తాను. నలుగురితో కలిసి చెప్పడంలో సుఖం ఏంటంటే, ఎవరి పాపం ఏదో పక్కవాడికి తెలియదు.

అంగలకుదురులో పెళ్ళి స్టేజీలు కట్టే సుధీర్ ఆ రోజు నాటకానికి వచ్చాడు. ఆ లైట్లు తెప్పించి పెట్టింది అతనే. మొత్తం ఫోనులో తీసి ఇవాళ స్టేటస్ పెట్టాడు. లత గొంతు తీసేసి దాని మీద ఏదో డీజే పాట వేశాడు. "బాబాయ్, మీ లైట్లకి జనం పిచ్చెక్కిపోయారు" అని రాశాడు. మీ లైట్లు. ఆరుసార్లు చూశాను.

ఫిబ్రవరి 19, బుధవారం

వడ్లమూడి కాలేజీలో వార్షికోత్సవం. ఎనిమిదీ కట్టాను. పిల్లలు గెంతులే గెంతులు. ఇంటికొచ్చి తాళం తీశాక ఎవరికైనా చెప్దామనిపించింది. లత ఉంటే "అయితే మధ్యాహ్నం భోజనం పెట్టారా లేదా" అని అడిగేది. పెట్టలేదు.

వారం అన్నది. పదిరోజులైంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఆరాధన అవగానే రేపల్లె బండెక్కాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. మర్చిపోయాను లతా, క్షమించు, మళ్ళీ నాటకానికి ఆ లైట్లు కట్టను. ఇంతే చెప్పాలనుకున్నాను.

ఏసమ్మ వదిన గుమ్మంలోనే "రండి మరిదిగారూ, రేపల్లెకి రైలుందని ఎవరైనా చెప్పారా" అంది. ఆమె మోకాళ్ళు బాగానే ఉన్నాయి, చకచకా తిరుగుతోంది. లత చేపల పులుసు వండింది. తిన్నాం. వదిన గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్ళాక లత అడిగింది.

"మొదటిసారి మర్చిపోయారు. సరే, మనిషన్నాక మర్చిపోతాడు. రెండోసారికి బోలెడు టైముంది కదండీ. పద్యం మొత్తం మళ్ళీ పాడాను. బటనొక్కటే కదా. ఎందుకాపలేదు?"

రైల్లో కూడబలుక్కున్న మాటలు వదిలేశాను. నోటికి వచ్చింది చెప్పాను.

"నీ గొంతు పైకి పోవట్లేదు లతా. జీర వచ్చింది. జనం కనిపెడతారని భయమేసింది. లైట్లుంటే అటు చూస్తారు కదాని ఉంచేశాను."

లత చేతిలో మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్ ముందు నుంచి."

"మాస్టారికి తెలుసా?"

"లేదు. నాకొక్కడికే తెలుసు."

ఏ నాటకం అయినా, తెర పడగానే ఆమె మేకప్పు కూడా తీయకుండా నా దగ్గరికి వచ్చి "ఎలా ఉందండీ" అని అడిగేది. ఎవరు ఎంత మెచ్చుకున్నా నమ్మేది కాదు. నేను మూడో పద్యంలో శ్రుతి జారిందంటే జారినట్టే. ముఖస్తుతి చేయనని నాకు పేరు. ఆ పేరు ఇవాళ బాగా పనికొచ్చింది.

"మీరు చెప్పారంటే నిజమేనండి" అంది. కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "నా పరువు కాపాడాలని మీరు మాట పడ్డారు. నేనేమో పదిహేను రోజుల్నుంచి మిమ్మల్ని తిట్టుకుంటున్నాను. ముందే చెప్పి ఉండాల్సిందండి."

వచ్చేటప్పుడు రొయ్యల పచ్చడి సీసా ఇచ్చి స్టేషను దాకా వచ్చింది. అక్కతో చెప్పి నాలుగు రోజుల్లో వస్తానంది.

ఫిబ్రవరి 24, సోమవారం

నిద్ర బాగా పట్టింది. రొయ్యల పచ్చడి అద్భుతం.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అసలు నాది పూర్తిగా అబద్ధమూ కాదు. డిసెంబర్లో జలుబు చేసినప్పుడు ఆమె గొంతు రెండు రోజులు బొంగురుపోయింది. అది నిజం.

ఇల్లు ఊడ్చాను. దుప్పట్లు ఉతికించాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

లత రాలేదు. మాస్టారు వచ్చారు. కుర్చీలో కూర్చుని కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు. మార్చి పదిహేనున బాపట్ల నాటక పరిషత్తు పోటీల్లో మా నాటకం ఉంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఏడాదంతా ఆ ఒక్క రోజు కోసం బతుకుతారు.

"స్వర్ణలత చేయనంటోందయ్యా. ఫోన్లో చెప్పింది. గొంతు పోయిందట, ఇక ఏ నాటకమూ చేయదట. నిన్నగాక మొన్న తెనాలిలో అంత గొప్పగా పాడిన మనిషికి గొంతు పోవడమేంటి? ఎవరు చెప్పారమ్మా అంటే చెప్పదు. ఏ వెధవ చెప్పాడో."

కాఫీలో పంచదార సరిపోయిందా అని అడిగాను.

"నువ్వైనా చెప్పవయ్యా రత్నం. నీ మాటైతే వింటుంది."

చెప్తానన్నాను.

మార్చి 1, శనివారం

మాస్టారు గుంటూరులో ఇంకో రాణి కోసం కబురు పెట్టారట. మంచిదే. లతకీ విశ్రాంతి కావాలి. ఎన్నాళ్ళని పాడుతుంది.

మార్చి 2, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు.

మార్చి 3, సోమవారం

ఫోను చేశాను. "ఎందుకు మానేస్తున్నావు, ఇంకొన్నాళ్ళు చెయ్యి" అన్నాను. "ఎన్నాళ్ళని మీరు లైట్లతో కప్పెడతారండి" అని నవ్వింది. ప్రేమగానే అంది. ఫోను పెట్టేశాక అన్నం తినలేకపోయాను.

నేను ఒక్క ముక్క అన్నానే అనుకో, ఆమె అంత గట్టిగా పట్టుకోవాలా?

మార్చి 5, భస్మ బుధవారం

చర్చిలో పశ్చాత్తాపానికి గుర్తుగా నుదుట బూడిద పెట్టించుకుని వచ్చాను. ఇప్పటికైనా రాస్తాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాయడానికి భయమెందుకు? అయినా మూడు వారాలుగా ఈ పుస్తకంలో కూడా రాయలేకపోయాను.

రెండోసారి సంగతి.

వన్స్ మోర్ అన్నప్పుడు నా వేలు బటను మీదే ఉంది. నొక్కితే సౌండ్ మోడ్ పోయి మామూలు లైటు వస్తుంది. నొక్కబోయాను. అప్పుడు ముందు వరసలో ఒక పెద్దాయన కుర్చీలోంచి లేచి, వెనక్కి తిరిగి, నా వైపు చూసి చెయ్యి ఎత్తాడు. ఆయన్ని చూసి ఇంకో పదిమంది తిరిగారు. అందరూ నవ్వుతున్నారు.

ముప్పై ఏళ్ళుగా లైట్లు వేస్తున్నాను. లైటు బాగుంటే లైటనేది ఒకటుందని ఎవరికీ తెలియదు. లైటు పోతే మాత్రం హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూస్తుంది. మెచ్చుకోలుగా జనం నా వైపు తిరగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. బటను మీంచి వేలు తీసేశాను. రింగుల వెలుతురు పూర్తిగా పెంచాను. ఆమె రాగం ఎత్తే చోటు నాకు కంఠతా వచ్చు. అక్కడికి వచ్చేసరికి లైట్లు ఇంకా గట్టిగా లేవాలని నా పక్కనే ఉన్న ఆంప్లిఫయర్లో మైకు సౌండు కూడా పెంచాను.

ఆమె గొంతులో జీర ఉందా అంటే, నాకు తెలియదు. ఆ రోజు రెండోసారి ఆమె పాడింది నేను వినలేదు. జనాన్ని చూస్తున్నాను.

మార్చి 6, గురువారం

సుధీర్ దగ్గరికి వెళ్ళి, పాట కలపని అసలు వీడియో పంపించుకున్నాను. "అది దేనికి బాబాయ్, అందులో అంతా పద్యమే" అన్నాడు.

తలుపు వేసుకుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఫోను మొత్తం లైట్ల వైపే తిప్పి ఉంది, లత ఒక్క క్షణం కూడా కనబడదు. ఈలల కింద నుంచి గొంతు మాత్రం వస్తోంది. రెండోసారి తీసిన ఆ చివరి రాగం ఎక్కడా ఆగలేదు, ఎక్కడా గీత పడలేదు. పదహారేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ పాడలేదు. జనం తనని అడిగారనుకుని, ఉన్నదంతా పెట్టి పాడింది.

బావురుమని ఏడ్చాను. యాభై నాలుగేళ్ళవాణ్ణి.

మార్చి 7, శుక్రవారం

చెప్తే ఇక ఇంటికి రాదు. చెప్పకపోతే ఇక పాడదు.

మార్చి 8, శనివారం

ఇవాళ కాదు. రేపు.

మార్చి 9, ఆదివారం

చెప్పాను.

ఈసారి వదిన ఎదుటే చెప్పాను, ఆమె ఉంటే మాట మార్చలేనని. ముందు వరసలో పెద్దాయన దగ్గర్నుంచి మైకు సౌండు పెంచిందాకా ఏమీ దాచకుండా చెప్పాను. "నీ గొంతులో ఏ జీరా లేదు. నా తప్పు కప్పెట్టుకోవడానికి నీ మీద పెట్టాను. చప్పట్లకి ఆశపడ్డాను" అన్నాను. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. చెంప మీద కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

లత నా వైపు జాలిగా చూసింది.

"మాస్టారు పంపించారా?"

"లేదు. నేనే వచ్చాను."

"మీకు అబద్ధం చెప్పడం రాదండి. చెమటలు చూడండి ఎలా పడుతున్నాయో."

"ఇది నిజం లతా. మొన్న చెప్పిందే అబద్ధం."

"మొన్న మీకు ఒక్క చెమట చుక్క పట్టలేదు" అంది. "నేను పాట మానేశానని మీకు బాధగా ఉంది. నాకోసం నేరం మీ మీద వేసుకుంటున్నారు. మీరు చప్పట్లకి ఆశపడే మనిషైతే ముప్పై ఏళ్ళు చీకట్లో కూర్చుంటారా?"

ఏసమ్మ వదిన నన్నే చూస్తోంది. ఆమెకి అర్థమైంది, నేను ఆమె ముఖంలో చూశాను. "ఆయన చెప్పేది నిజమేనేమోనే" అంది. లత వినిపించుకోలేదు.

వీడియో పెట్టాను. నీ చెవులతో నువ్వే విను అన్నాను. కళ్ళు మూసుకుని వింది. రాగం పైకి వెళ్ళేచోట చెయ్యెత్తి ఆపమంది.

"ఇదిగో. ఇక్కడ. విన్నారా?"

అక్కడేమీ లేదు. వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను.

"ఇక్కడేనండి. సన్నగా ఉంది, మీరు చెప్పేదాకా నేను పట్టుకోలేకపోయాను. నా చెవికంటే మీ చెవి మంచిది."

మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ అదేచోట చూపించింది. వదిన లేచి లోపలికి వెళ్ళిపోయింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నేనూ పదిసార్లు విన్నాను. దిగేసరికి నాకూ అనుమానం వచ్చింది, ఉందేమోనని. లేదు. లేదు.

మార్చి 11, మంగళవారం

మాస్టారు రేపల్లె వెళ్ళి కూర్చున్నారట. గుంటూరు ఆవిడ కుదరలేదు, పరిషత్తువాళ్ళు పేర్లు అచ్చు వేయించేశారు. ఈ ఒక్కసారికీ చేస్తానని లత ఒప్పుకుంది. దేవుడు కరుణించాడు. స్టేజీ ఎక్కితే తన గొంతు తనకే తెలుస్తుంది. నేనేం చెప్పక్కర్లేదు.

మార్చి 12, బుధవారం

కొత్త లైట్లు బాపట్ల తీసుకెళ్ళను. పాత దీపాలు తుడిచి కొత్త పసుపు కాగితం వేశాను.

మార్చి 16, ఆదివారం

నిన్న సాయంత్రం బాపట్లలో నాటకం. పరిషత్తు పోటీల్లో వన్స్ మోర్లు ఒప్పుకోరు, ముందే మైకులో చెప్తారు. హాలు నిశ్శబ్దంగా ఉంది. ఏడుపు సీను వచ్చింది. ఒకటే పసుపు లైటు, కదలకుండా, ఆమె ముఖం నుంచి రాజు గుండె మీద చెయ్యి దాకా. ఇంత శ్రద్ధగా నేనెప్పుడూ లైటు వేయలేదు.

పద్యం బాగా పాడింది. రాగం ఎత్తుకుంది. పైకి వెళ్ళాల్సిన చోటు వచ్చింది. లత అక్కడికి వెళ్ళలేదు. రెండు మెట్లు కిందే ఆగి, మెల్లగా రాగం దించేసి, తల రాజు మీద వాల్చేసింది. అది ఏడుపే అనుకున్నారు జనం. చప్పట్లు కొట్టారు. మాస్టారు ఒక్కరే పక్క తెర చాటు నుంచి తల తిప్పి నా వైపు చూశారు.

మేకప్పు గదికి నేనే వెళ్ళాను. కొబ్బరి నూనెతో ముఖం తుడుచుకుంటోంది. ఎలా ఉందండీ అని అడగలేదు.

"లైటు బాగా వేశారండి ఇవాళ" అంది. "కళ్ళకి హాయిగా ఉంది."

"పైకి ఎందుకు వెళ్ళలేదు?"

"ఉన్నంతలో పాడుకోవాలి కదండీ. నా సంచీ మన వ్యానులో పెట్టించండి. మిగతావి అక్క పంపుతుంది. ఇక రేపల్లెలో నాకేం పని, ఇంటికి పోదాం."

ఐదు వారాలుగా నేను ప్రార్థన చేసింది ఈ మాట కోసమే. వ్యానులో పొన్నూరు దాటేసరికి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను కదల్లేదు.

ఇవాళ ఇద్దరం కలిసి చర్చికి వెళ్ళాం. పాటల పుస్తకం తనే తెరిచి ఇద్దరి మధ్యా పట్టుకుంది. నాలుగు చరణాలకీ పెదవులు కదిపింది. పక్కనే నిలబడ్డాను, చెవి దగ్గరగా పెట్టాను, గొంతు మాత్రం రాలేదు. ఇంటికొచ్చాక అడిగాను.

"నలుగురి మధ్యలో జీర వినబడితే బాగుండదు కదండీ" అంది.